ఒక మనిషికి ఒకటే బిళ్ల

సదయ్య కంప్యూటర్‌తో పని చేయగా నేను పెద్దగా చూడలేదు. దాన్ని ముస్తాబు చేయగా మాత్రం రోజూ చూశాను. పెళ్లికూతురినైనా ఒకరోజు ముస్తాబు చేసి వదిలేస్తారు. ఇతగాడి ముస్తాబుకు ముహూర్తం దాటడమంటూ లేదు.

నా పేరు అబ్దుల్ వహాబ్. గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి ఆఫీసులో టైపిస్టును. తొంభై తొమ్మిదిలో మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. రాగానే నా టైపు మిషను చప్పుడుకు తలనొప్పి వస్తోందని ఆఫీసరుగారికి తోచింది. అన్నేళ్లు రాని తలనొప్పి! నన్నూ మిషనునూ వరండాలోకి తోయించి, లోపలి గదిలో దాన్ని పెట్టించారు. గదికి ఏసీ, కిటికీకి తెర, గుమ్మం దగ్గర చెప్పులు విప్పమని బోర్డు. మసీదు ముందు విప్పినట్టే అక్కడా విప్పి లోపలికి పోయేవాళ్లం.

ఆ గదిలో కుర్చీ దక్కింది సదయ్యకు. అతను పుట్టు గుమాస్తా కాదు. పెద్దపల్లి పక్క పల్లె నుంచి వచ్చి, తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బాయిలోపల బొగ్గెత్తిన ఫిల్లర్. కప్పు నుంచి ఊడిన పెళ్ల ఒకటి మోకాలి మీద పడితే, దవాఖాన నుంచి వచ్చాక ల్యాంపు రూములో తేలికపని ఇచ్చారు. అక్కడ కొన్నేళ్లు చేశాడు. ఆ తర్వాత చౌరస్తాలోని ఏదో సెంటర్లో కంప్యూటర్ నేర్చుకున్నానని చెప్పుకుంటే ఆఫీసరు నమ్మి లోపలికి పిలిచాడు. కాగితాల మీద మాత్రం అతను ఇంకా ఫిల్లరే. ఏ ఆఫీసరుకు తిక్క పుట్టినా మర్నాడు మళ్లీ బాయి దిగాల్సిందే. సదయ్యకు బాయంటే ఒళ్లు వణుకుతుంది. ఆ కుర్చీ ఖాయమై, ఫిల్లర్ అన్న మాట తన పేరు పక్క నుంచి పోవాలన్నదే అతని బతుక్కున్న ఏకైక కోరిక.

కుర్చీ ఖాయం కావాలంటే పని నేర్చుకోవచ్చు. సదయ్య ఆ అడ్డదారి తొక్కలేదు. ఫోల్డర్లకు అలంకారం మొదలుపెట్టాడు.

ఫోల్డర్లంటే కంప్యూటర్లో కాగితాలు దాచే అరలు. పసుపుపచ్చ అట్టల్లా తెర మీద కనబడతాయి. కొన్నవాడికీ అమ్మినవాడికీ ఆ పసుపు సరిపోయింది, సదయ్యకు సరిపోలేదు. సెలవుల ఫోల్డరు తెరిస్తే వెనక జలపాతం దూకేది. హాజరు ఫోల్డర్లో సూర్యోదయం. తప్పు చేసినవాళ్లకిచ్చే చార్జిషీట్ల ఫోల్డర్లో పులి. ఆ పులి చారల మధ్య ఏ పేరు ఎక్కడుందో కనబడక నేను కళ్లద్దాలు తుడుచుకునేవాణ్ణి. పేర్లు పెద్ద బొమ్మలుగా ఒకరోజు, చిన్న బొమ్మలుగా మరోరోజు, వరసలుగా ఇంకోరోజు. తనకు నచ్చనివి కనబడకుండా దాచేసేవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా!

ఒకరోజు నుస్రత్ బేగం అనే ఆమె తన భర్త సెలవు సంగతి కనుక్కోవడానికి వచ్చి వరండా ముందు ఎండలో నిలబడింది. నేను లోపలికి పోయాను.

"సదయ్యా, ఆమె ఎండల నిలబడ్డది. జర ఆ సెలవు కాయితం తియ్యి."

"ఆగు వహాబన్నా, ఈ ఫోల్డర్‌కు బొమ్మ మారుస్తున్న. దీన్ని కస్టమైజ్ అంటరు."

"ఏమన్న అనుకో. ఆమెకు కాయితం గావాలె, జలపాతం గాదు."

"నీకేం తెల్సు అన్నా! చూస్తె కడుపు నిండాలె."

ఆమె కడుపు నిండలేదు. తిట్టుకుంటూ పోయింది.

ఆ తెర మీద ఒక మూలన చెత్తబుట్ట బొమ్మ ఉండేది. మనం తుడిచేసినవి వెంటనే పోకుండా ముందు అందులో పడతాయి, పొరపాటైతే ఏరుకోవచ్చు. తెలివైన ఏర్పాటే. కానీ ఏదైనా పడగానే ఆ బుట్టలో కాగితాలు నిండినట్టు బొమ్మ మారుతుంది. అది మన శుభ్రాల సదయ్యకు గిట్టలేదు. ఏవో గళ్లలో టిక్కులు పెట్టి, ఏది తుడిచినా బుట్టలో ఆగకుండా నేరుగా మాయమయ్యేలా మార్చాడు. "నిజంగానే తుడిచేయమంటారా?" అని అది ఒకసారి అడిగేది. ఆ అడగడం కూడా మాన్పించాడు. యంత్రానికి ఉన్న కాస్త బుద్ధినీ అలా పీకేసి, "చూడన్నా, బుట్ట ఎంత సాఫ్‌గ ఉన్నదో" అని నాకు చూపించాడు. నేను వరండాలోకి వచ్చి తలుపు గట్టిగా వేశాను.

ఇదంతా ఒక ఎత్తు. నకళ్ల మీద అతనికున్న పగ ఇంకో ఎత్తు. ఒకే పేరుతో రెండు కాగితాలు కనబడితే చాలు, ఒకటి తుడిచేసేదాకా నీళ్లు ముట్టడు. ఎందుకని అడిగితే, "ఒక మనిషికి ఒకటే బిళ్ల అన్నా" అనేవాడు.

అది ల్యాంపు రూము మాట. మా దగ్గర బాయి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ల్యాంపు రూములో ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. ఇచ్చిన బిళ్లలు తగిలించే బోర్డు మీద ఎవరి బిళ్ల మిగిలితే వాడు ఇంకా లోపలున్నట్టు. సదయ్య అక్కడున్న రోజుల్లో రాయమల్లు అనే ఫిల్లర్ బిళ్ల పోయిందని నకలు బిళ్ల చేయించుకున్నాడు. తర్వాత పాతది దొరికింది. దొరికిందని చెప్పకుండా దాన్ని బావమరిదికిచ్చి, తన నంబరు మీదే పనికి దింపేవాడు. ఆ రోజుల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు దిగడం మాకు వింత కాదు. ఒకరోజు కప్పు కూలింది. రాయమల్లు పైకొచ్చి బిళ్ల తీసుకున్నాడు, బావమరిది ముందే వచ్చేశాడనుకుని దెబ్బలకు కట్టు కట్టించుకోవడానికి దవాఖానకు పోయాడు. బోర్డు మీద అదే నంబరుతో రెండో బిళ్ల వేలాడుతోంది. నంబరువాడు వచ్చాడు కదా, ఇదేదో పాతదిలే అనుకుని సదయ్య దాన్ని తీసి డ్రాయర్లో వేశాడు. లోపల మిగిలిన ఆ బావమరిది పిల్లవాణ్ణి ఆ సాయంత్రం ఎవరూ వెతకలేదు. వెతికేసరికి శవమే దొరికింది.

నకలు బిళ్ల వల్లే ఆ పిల్లవాడు పోయాడని సదయ్య తీర్మానించుకున్నాడు. సరే, ల్యాంపు రూములో అది నిజమే కావచ్చు. కానీ అదే నియమాన్ని తెచ్చి కంప్యూటర్ మెడకు కట్టాడు. కాగితం ఇత్తడి బిళ్ల కాదురా బాబూ, కార్బను పెట్టనివాడు టైపిస్టే కాదు, ప్రతిదానికీ రెండోది ఉండాలి అని నేను ఎన్నిసార్లు చెప్పానో! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇంతలో మా ఆఫీసరుకు బదిలీ వచ్చింది. మంచివాడో చెడ్డవాడో కానీ, పోయేముందు ఒక మంచి పని తలపెట్టాడు. దెబ్బలు తగిలినవాళ్లనూ ఛాతీ చెడినవాళ్లనూ బాయి నుంచి తప్పించి శాశ్వతంగా పైపనికి మార్చేందుకు ఒక పట్టీ తయారుచేశాడు. డాక్టర్ల చుట్టూ, యూనియన్ల చుట్టూ తిరిగి తెచ్చిన వివరాలు అవన్నీ. అందులో ముత్యం ఉన్నాడు. అతనూ ఫిల్లరే, బొగ్గుపొడికి ఊపిరితిత్తులు చెడి నాలుగడుగులు వేస్తే నిలబడి దగ్గే మనిషి. సదయ్య పేరూ ఉంది, గుమాస్తాగా. ఆఫీసరు చివరి రోజు సాయంత్రంలోగా పెద్దాఫీసులో సంతకం కావాలి. మర్నాటి నుంచి ఇలాంటి మార్పులు ఆగిపోతాయని ముందే సర్క్యులర్ వచ్చింది.

పట్టీ ఎక్కించింది సదయ్యే. ఎక్కించగానే ఆఫీసరు రాసిచ్చిన చీటీలన్నీ చించిపారేశాడు. కంప్యూటర్లో ఉన్నాక కాగితం కూడా ఉంటే రెండు బిళ్లలైనట్టే కదా! ప్రింటరు చూస్తే రిబ్బను లేక మూలుగుతోంది.

"నాకియ్యి, కార్బను పెట్టి కొట్టి ఇస్త" అన్నాను.

"ఈ కాలంల టైపు మిషనేందన్నా!" అని నవ్వాడు. ఆఫీసరూ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"ఫ్లాపీలో వెయ్యి సదయ్యా, నేను పెద్దాఫీసుకు తీసుకెళ్లి అక్కడ ప్రింటు తీయిస్తాను. ఇక్కడ కూడా ఒకటి ఉండనీ" అని చెప్పి ఆఫీసరు జీపు పిలవడానికి వెళ్లాడు.

సదయ్య మౌసుతో పట్టీని పట్టి ఫ్లాపీ మీదికి లాగాడు. నేను పక్కనే ఉన్నాను. పట్టీ ఫ్లాపీలోకి పోయింది, కంప్యూటర్లోనూ మిగిలింది. తెర మీద తెరిచిన రెండు కిటికీల్లోనూ అదే పేరు కనబడింది. సదయ్య మొహం మాడింది.

"ఉండనియ్యి. సారు ఉండనియ్యమన్నడు" అన్నాను.

"ఒక మనిషికి ఒకటే బిళ్ల" అంటూ కంప్యూటర్లోని పట్టీ మీద నొక్కి తుడిచేశాడు. అది అడగలేదు. బుట్టలో ఆగలేదు. బుట్ట ఎప్పటిలాగే సాఫ్‌గా ఉంది.

ఆఫీసరు ఫ్లాపీ చొక్కా జేబులో వేసుకుని జీపెక్కాడు. మా రోడ్ల మీద జీపు పోతే బొగ్గుపొడి ముక్కులోకే కాదు, బంగారప్పెట్టెలోకైనా పోతుంది. కాసేపటికి పెద్దాఫీసు నుంచి ఫోన్ మోగింది. ఫ్లాపీ చదవడం లేదు, ఎన్ని మిషన్లలో పెట్టినా గరగరమని ఊరుకుంటోంది. అక్కడున్నదాన్ని ఇంకో ఫ్లాపీలో ఎక్కించి వెంటనే పంపమని ఆఫీసరు అరుస్తున్నాడు.

సదయ్య ఫోన్ పెట్టేసి ఫోల్డర్లు తెరవడం మొదలుపెట్టాడు. జలపాతం తెరిచాడు, సూర్యోదయం తెరిచాడు, పులిని తెరిచాడు. దాచినవన్నీ బయటికి తీశాడు. చెత్తబుట్ట తెరిచాడు. ఏసీ గదిలో మనిషికి చెమటలు కారుతున్నాయి. ఇన్నాళ్లకు ఆ బొమ్మల వెనక ఏమీ లేదని అతనికీ కనబడింది. నాకు సంతోషం వేయాలి. ముత్యం గుర్తొచ్చి వేయలేదు.

"చీటీలన్న ఉన్నయా?" అని అడిగాను.

"చింపిన గదన్నా."

"మరి కూసో. గోడ మీద జలపాతం గీసుకో."

సాయంత్రమైంది. సంతకం కాలేదు. పాత ఆఫీసరు మూటాముల్లె సర్దుకుని పోయాడు. మర్నాడు వచ్చిన కొత్త ఆఫీసరుకు మేం పట్టీ సంగతి చెబితే, "కాగితం ఉందా?" అని అడిగాడు. లేదు. "అయితే పట్టీయే లేదు" అన్నాడు. కంప్యూటర్ ముందున్నవాడి హోదా ఏమిటని అడిగి, ఫిల్లర్ అని తెలియగానే బాయి దిగే షిఫ్టుల్లో పేరు వేయించాడు. ఆ ఫోల్డర్లన్నిటినీ మళ్లీ పసుపుపచ్చగా చేయించాడు. సెలవు కాగితాలు ఇప్పుడు అడిగిన వెంటనే దొరుకుతున్నాయి. అంత కర్మ!

ముత్యానికి దగ్గడానికే ఊపిరి చాలదు, ఇక అడగడానికెక్కడిది. వాళ్లావిడ కనకవ్వ మాత్రం ఆఫీసు ముందుకు వచ్చింది. సదయ్య తల వంచుకుని వరండాలో నా టైపు మిషను పక్కన నిలబడ్డాడు.

"సదయ్యా, ఆనాడు బోర్డు మీద రెండోది ఎందుకున్నదని అడిగితె ఆ పోరడు బతుకుతుండె. అడగకుంట తీసేసినవ్. ఇయ్యాల ఉంచితె మావోడు బతుకుతుండె. గిదీ అడగకుంట తీసేసినవ్. నీకు తీసుడు తప్ప ఏం రాదారా?"

నేను అన్నాళ్లు మొత్తుకునీ చెప్పలేనిది ఆమె నిలబడ్డపాటున చెప్పేసింది. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని బస్టాండు వైపు పోయింది.

సదయ్య మళ్లీ బాయి దిగిన పొద్దున నేను ల్యాంపు రూము దగ్గరే ఉన్నాను. చూద్దామనే పోయాను, దాచడమెందుకు. వరసలో అతని వెనకే ముత్యం దగ్గుతూ నిలబడ్డాడు. కిటికీలో దస్తగిర్ దీపాలిస్తున్నాడు. సదయ్య జేబులు తడుముకున్నాడు. పైపనికి వచ్చాక ఇక అవసరం లేదని తన బిళ్లను ఎప్పుడో పారేశాడు. దస్తగిర్ కొత్త బిళ్ల ఒకటి కిటికీలోంచి తోశాడు. దాని మీద నకలు అని గుర్తు కొట్టి ఉంది.

సదయ్య దాన్ని ముట్టుకోలేదు. "ఇది వద్దు భాయ్. అసలుది ఇయ్యి."

"అసలుది నువ్వే పారేస్తివి గద. నేనేడికెంచి తేవాలె? జల్ది పట్టు, ఎనక లైనున్నది."

"సదయ్యా, నడువు" అన్నాడు ముత్యం, దగ్గు మధ్యలో.

సదయ్య నకలు బిళ్ల ఇచ్చి దీపం తీసుకున్నాడు. అన్నేళ్ల తర్వాత దీపం బెల్టు నడుముకు పెట్టుకోవడం రాలేదు, ముత్యమే పెట్టాడు. బాయి మూతి దాకా పోయి సదయ్య వెనక్కి తిరిగాడు. నన్ను వెతికి చూసి కుంటుకుంటూ వచ్చాడు.

"వహాబన్నా, నేను దిగుతున్న. నేనూ ముత్యం. నువ్వు యాదుంచుకో. పైకి రాకపోతె, బోర్డు మీద ఏమున్నా సరే, నువ్వు అడుగు."

రెండోది ఎందుకుండాలో వెధవకు అప్పుడు తెలిసింది. ఇంత మాట ముందే తెలిసుంటే ఇద్దరూ ఆఫీసులో కూర్చుని టీ తాగేవాళ్లు. నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, "పో, యాదుంచుకుంట" అన్నాను.

వాళ్లు దిగారు. నేను ఆఫీసుకు వచ్చి మిషనులో కాగితాలు పెట్టాను, మధ్యన కార్బను పెట్టాను, ఒక్క అక్షరం కొట్టలేకపోయాను. షిఫ్టు దిగే వేళకు లేచి, సదయ్యను తిట్టుకుంటూనే పోయి ల్యాంపు రూము ముందు నిలబడ్డాను. ఆ రోజు నుంచి రోజూ నిలబడుతున్నాను.