అమ్మ ఏడుపు మీద మగ్గం దెబ్బ

దయ్యాల మాట ఎవరెత్తినా మధ్యలోనే లేచి చాయ్ తాగడానికి పోయే రకం నేను. ఇప్పుడు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

మాది గద్వాల, నేత కుటుంబం. వనపర్తి దోస్తు నర్సింగ్, నేను కలిసి డీజే పాటలు చేసేవాళ్లం. మగ్గం చప్పుడునే బీట్‌గా వేయడం మా పద్ధతి. ఆ చప్పుళ్లన్నీ మా చిన్నాయిన మగ్గానివి. నాయిన తన మగ్గం దగ్గరికి ఫోన్‌ను కూడా రానిచ్చేవాడు కాదు. "పెళ్లి బారాత్‌ల ఎగరనీకె నా మగ్గమే దొరికిందారా?" అని తిట్టేవాడు. నిరుడు ఆయన పోయాడు.

ఈ ఎండాకాలం మా సింగిల్స్ అన్నీ, మొట్టమొదటి దానితో సహా, ఒకే ఆల్బమ్‌గా వేద్దామనుకున్నాం. నర్సింగ్ గదిలో వరసగా వింటుంటే చివర నాకు తెలియని పాట ఒకటి వచ్చింది. అందులో మా అమ్మ ఏడుపు. నాయిన శవం మీద పడి ఏడ్చిన ఏడుపు! వీడు ఫోన్‌లో రికార్డు చేసుకుని, ముక్కలు కోసి బీట్‌కు అతికించాడు.

ఛీ, మా ఇంట్లో శవం పక్కన కూర్చుని వీడు చేసిన పని ఇదా!

తీసెయ్యమన్నాను. "అరే, శోకంల రాగముంటదిరా. పబ్లిక్‌కు మస్తు ఎక్కుతది," అన్నాడు పళ్లికిలిస్తూ.

తీయలేదు సరికదా, ధరూర్‌లో మా మేనమామ కొడుకు బారాత్‌కు నర్సింగ్ అదే పాట పెడుతున్నాడని తెలిసింది. ఆ పెళ్లిలోనే మా అమ్మ ఉంది. ఆమె చెవిన పడకూడదని బండేసుకుని ఉరికాను. అప్పటికే పాట మొదలైంది. పోరగాళ్లు ఎగురుతున్నారు. అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

ఏడుపు రావాల్సిన చోట మగ్గం చప్పుడు వచ్చింది. రెండు గట్టి దెబ్బలు, ఒక మెత్తని దెబ్బ. అది నాయిన చేతి వరస. ఎవరి ఫోన్‌లోనూ లేనిది. ల్యాప్‌టాప్‌లో చూస్తే ఏడుపు ముక్క నడుస్తూనే ఉంది, డీజే బాక్సుల్లో మాత్రం మగ్గమే.

ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా అంతే. నర్సింగ్‌కు భయమైనా వేయలేదు. "గీ సౌండ్ ఇంకా మంచిగుందిరా, ఇంకో సింగిల్ కొడదాం," అన్నాడు. థూ! వాడితో మాటలు బంద్ చేశాను. ఆల్బమ్ రాలేదు.

ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ రోజు అరుగు మీద అమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని అన్నది:

"మీ నాయినేరా. చీరకు అంచు కలపనీకె ఆయన పక్కన కూసొని నేనేడిస్తే, గిట్లనే మగ్గం దంచుతుండె. బయటోళ్లకు ఇనపడొద్దని."