రూతుకి పంపిన పద్నాలుగు మాత్రలు

జూలై నెల. డాలస్ పక్కన మా కాపెల్‌లో ఎండ మాడు పగలగొడుతోంది. ఆదివారం చర్చి పార్కింగ్‌లో కారు దిగి నాలుగడుగులు వేశానో లేదో, పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది. డాలస్ ఎండలో చలేంటి, నా మొహం! మా ఆయన సుధాకర్ గారు చెయ్యి పట్టుకుని చూసి, "సుగుణా, పెనంలా కాలిపోతున్నావే" అన్నారు. "ఏసీ పడలేదండీ, అంతే" అన్నాను. ఒంట్లో బాగోలేదని ఒప్పుకోవడం నాకు పుట్టుకతోనే రాలేదు.

ఇది 2010 నాటి మాట. అప్పటికి నేను పపువా న్యూగినీ నుంచి తిరిగొచ్చి రెండు నెలలు. అక్కడ నది ఒడ్డున ముప్పై ఇళ్ళున్న ఒక చిన్న ఊళ్ళో ఆరు నెలలున్నాను. వాళ్ళ భాషలో బైబిలు తయారవుతోంది, కంప్యూటర్‌లో టైప్ చేసేవాళ్ళు కావాలంటే మా చర్చి నన్ను పంపింది.

ఆ ఊళ్ళో తెల్లవారగానే చెట్టుకు కట్టిన పాత లారీ చక్రం రిమ్మును ఇనపకడ్డీతో ఠంగుమని కొడతారు. అదే చర్చి గంట. చాపల మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాకే ఆడవాళ్ళు వల సంచులు తలకి తగిలించుకుని చిలగడదుంపల తోటలకి పోతారు. నేనున్నది రూతు ఇంట్లో. నాకంటే పదేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. బూడిదలో కాల్చిన దుంపని రెండుగా విరిచి పెద్ద ముక్క నాకిచ్చేది. ఎదుట మనిషుండగా ఒక్కరే తినడం అక్కడ దొంగతనంతో సమానం.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఎవరికైనా జబ్బు చేస్తే ఊరంతా చుట్టూ కూర్చుంటుంది. కానీ ప్రార్థన వెంటనే మొదలుకాదు. మనసులో దాచుకున్నది ముందు అందరూ చెప్పెయ్యాలి, రోగితో సహా. నాకు ఓసారి కడుపునొప్పి వస్తే ఒకావిడ, "నేను వండిన కూర ఈవిడ కుక్కకి పెట్టింది, చూశాను" అని అందరి ముందూ అనేసింది. సిగ్గుతో చచ్చాను. తప్పు ఒప్పుకున్నాక పాస్టర్ గారు ప్రార్థన చేశారు. ఆ తర్వాత నన్ను మోసుకుని క్లినిక్‌కి తీసుకెళ్ళారు. ప్రార్థన చేశాం కదా, మందెందుకని ఒక్కరూ అనలేదు.

సరే, జ్వరం దగ్గరికి వస్తాను. రోజు విడిచి రోజు చలి, జ్వరం, చెమటలు. ముందు వైరల్ అన్నారు. మూడోసారి వచ్చినప్పుడు ఎమర్జెన్సీలో ఒక డాక్టరమ్మ, "రీసెంట్‌గా ఎక్కడికైనా ట్రావెల్ చేశారా?" అని అడిగింది. చెప్పగానే బ్లడ్ స్మియర్ చేయించింది, అంటే రక్తపు చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం. మలేరియా, అందులో వైవాక్స్ రకం. "ఇది లివర్‌లో నిద్రపోయి మళ్ళీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపాలి" అంది. ముందు జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ టెస్ట్ చేసింది. ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్ళకి ఈ మందిస్తే రక్తకణాలు పగిలిపోతాయట. నాకు నార్మల్. ప్రైమాక్విన్ రాసింది, రోజుకి రెండు మాత్రలు, పద్నాలుగు రోజులు.

అదే వారం మా టీమ్‌లోని ఒకమ్మాయి ఆ ఊరికి బయల్దేరింది. రూతుకీ ఇలాగే జ్వరం వచ్చి పోతోందని తనే చెప్పింది. ఇంకేముంది, ఇరవై ఎనిమిది మాత్రల్లో సరిగ్గా పద్నాలుగు కవర్లో పెట్టి, నా మందులో సగం నీకని చీటీ రాసి పంపేశాను. నేను రోజుకి ఒకటే వేసుకున్నాను. దుంప విరిచినట్టు మందు విరిచాను! పైగా ఎంత గొప్ప పని చేశానో అని మురిసిపోయాను. ఇంట్లో చెప్పలేదు.

సెప్టెంబర్‌లో చలి మళ్ళీ వచ్చింది. ఈసారి హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయింది, కడుపులో ఎడమపక్కనుండే స్ప్లీన్ వాచింది. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాల్సిందే.

"డిడ్ యు ఫినిష్ ఆల్ ది టాబ్లెట్స్?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎస్" అన్నాను. పక్కన ఆయనున్నారు. నిజం చెప్తే ఇంట్లో తెలిసిపోతుంది.

"అయితే మందు పనిచెయ్యట్లేదు. రెసిస్టెన్స్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. బోన్ మ్యారో కూడా చూడాలేమో" అంది. ఆయన మొహం పాలిపోయింది. నాకు మాత్రం ఇంకో భయం పట్టుకుంది. రూతుకి ఆ టెస్ట్ ఎవరు చేశారు? నా మాత్రలు మింగి ఆ పిల్లకేమన్నా అయితే?

ముందే కబురు పంపి, శనివారం సాయంత్రం ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున్న. సిగ్నల్ కోసం వాళ్ళు కొండెక్కాలి. నాకు బాగోలేదని తెలిసి సగం ఊరు ఎక్కేసింది.

"రూతూ, ఆ మాత్రలు వేసుకున్నావా?"

"లేదక్కా. నీ వాటా నాకిచ్చావని ప్రార్థనలో అందరికీ చెప్పేశాను. టెస్ట్ లేకుండా ముట్టుకోవద్దన్నాడు క్లినిక్ అతను. సంచిలోనే ఉన్నాయి."

అమ్మయ్య! కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. "నాకోసం ప్రార్థన చెయ్యండమ్మా" అన్నాను.

"నువ్వు సగమే మింగావని నీ డాక్టర్‌కి చెప్పావా?"

"అదీ... చెప్తాలే" అని నసిగాను.

"అయితే ఎలా మొదలుపెడతాం అక్కా? నువ్వింకా చెప్పలేదుగా. మేమిక్కడే కూర్చుంటాం" అంది రూతు. కూర విషయం బయటపెట్టిన ఆవిడ వెనకనుంచి ఏదో అంది, అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఫోన్ పెట్టకుండానే ఆయన్ని పిలిచి చెప్పేశాను. "నీ దానగుణం తగలెయ్య! చచ్చి ఎవరికి పెడదామనే?" అని అరిచి, అక్కడే కూలబడి ఏడ్చేశారు. డాక్టర్ ఆన్-కాల్ నంబర్‌కి ఆయనే తన ఫోన్‌లోంచి చేశారు. స్పీకర్‌లో నేనే చెప్పాను. డాక్టరమ్మ, "థాంక్ గాడ్! దిస్ ఈజ్ గుడ్ న్యూస్. మందు ఫెయిల్ కాలేదు, మీరు పూర్తిగా వేసుకోలేదు, అంతే" అంది. ఆ మాట కొండమీదికి చేరవేశాక అక్కడ ప్రార్థన మొదలైంది. అంతమంది ఒకేసారి గొంతెత్తి నా పేరు పలుకుతుంటే ఒళ్ళు పులకరించింది.

మళ్ళీ ట్రీట్‌మెంట్, మళ్ళీ ఇరవై ఎనిమిది మాత్రలు. ఈసారి ఆయన ఎదురుగా నిలబడి మింగించారు, నాలుక కూడా చాపించి చూశారు. డిసెంబర్‌కి హిమోగ్లోబిన్ పన్నెండు, స్ప్లీన్ నార్మల్. రూతుని మా టీమ్ వాళ్ళు టౌన్‌కి తీసుకెళ్ళి టెస్ట్ చేయించి, తన కోర్సు తనకి పూర్తిగా ఇప్పించారు. మా ఇద్దరికీ తగ్గిందని తెలిసిన రోజు ఊళ్ళో పట్టపగలే రిమ్ము మోగించారట.

ఇప్పుడు 2015. ఐదేళ్ళుగా జ్వరం మొహం చూడలేదు. రెండేళ్ళ క్రితం మళ్ళీ వెళ్ళి, ఆ కొండ నా కాళ్ళతో నేనే ఎక్కాను. పైన రూతు దుంప విరిచి పెద్ద ముక్క నాకిచ్చింది. "మాత్రలేమన్నా తెచ్చావా అక్కా?" అని ఊరందరి ముందూ ఆటపట్టించింది.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ "అన్నీ వేసుకున్నారా" అని అడిగితే, వేసుకోకపోతే లేదనే చెప్పండి. పక్కన ఎవరున్నా సరే, సిగ్గుపడకండి. నేను ఆ ముక్క చెప్పాకే నాకు సరైన వైద్యం మొదలైంది, కొండమీద ప్రార్థనా మొదలైంది.