తమ్ముడి వైపు కిటికీ

రంగులేసే భాయ్ గోడలన్నీ పూర్తిచేసి, చేతులు కడుక్కుని, చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టాక అసలు సంగతి చెప్పాడు.

"సేట్, కిటికీలు గూడ ఏస్త. గా నడిమి అర్ర కిటికీ మాత్రం నేను ముట్ట."

ఎందుకని అడిగాను. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ అడగడం నాకున్న చెడ్డ అలవాటు.

"దాని రెక్కలు అటుదిక్కు తెరుచుకుంటయ్. బయటి పక్క ఎయ్యాలంటె మీ తమ్ముని వాకిట్ల నిలవడాలె. ఆయన్ని ఒక్కమాట అడుగుండ్రి. అరగంట పని."

"నా ఇంటి కిటికీకి రంగెయ్యనీకి నేను ఎవల్ని అడగ. అసలు ఏ కిటికీకి ఎయ్యకు నువ్వు. నేనే ఏస్కుంట."

భాయ్ లేచాడు. మా నాయన ఉన్నప్పటి నుంచీ మా ఇంటికి సున్నం వేసినవాడు, మా అన్నదమ్ముల కోపతాపాలు ఆయనకు కొత్త కాదు. రెండు బ్రష్షులు, లప్పం పెట్టే రేకు నా దగ్గర వదిలేసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "దుకాణంల కూసోని ఎరువు బస్తాలు అమ్మేటోనికి రంగులేసుడు వస్తదా?" అని మాత్రం అన్నది.

ఆ కిటికీ సంగతి చెప్పాలి. ఆరేళ్ళ కింద మా ఇల్లు రెండయింది. రోడ్డు వైపు ముందుభాగం నాకు, బోరున్న వెనకభాగం తమ్ముడికి అని పెద్దమనుషులు తేల్చారు. మంచిభాగం నువ్వే కొట్టేశావని తమ్ముడన్నాడు. నీ గడప తొక్కితే చూడు అని నేనన్నాను. పదిమంది ముందర అన్న మాట కాబట్టి ఇద్దరికీ అది వదలడానికి వీల్లేకుండా పోయింది. మధ్యలో గోడ లేచింది. మమ్మల్ని కన్న అవ్వ నా వాటాలోకి వచ్చింది, మనుషుల్ని కూడా వాటాలేసి పంచుకున్నాం మరి. ఆమె పడుకునే నడిమి అర్రకు ఉన్న ఒక్క కిటికీ తమ్ముడి వాకిట్లోకి ఉంది. పక్కవాడి వాకిట్లోకి కిటికీ ఉండకూడదు, మూసెయ్యాలి. కానీ పెద్దమనుషుల్లో ఒకాయన అవ్వ ముఖం చూసి, "ముసలామె ఉన్నన్ని రోజులు కిటికీ ఉండనియ్యుండ్రి. ఆమె పోయినంక చిన్నోని ఇష్టం" అన్నాడు. అదే రాసుకున్నాం.

అట్లా ఐదేళ్ళు తమ్ముడు రోజూ పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆ చువ్వలు పట్టుకుని నిలబడేవాడు. అవ్వ మంచం మీద నుంచే మాట్లాడేది. జామపండో, సజ్జరొట్టెలో, ఏదుంటే అది చువ్వల్లోంచి లోపలికి ఇచ్చేవాడు. నేను పక్క అర్రలో కూర్చుని వాళ్ళ మాటలన్నీ వినేవాణ్ని. కాలవ నీళ్ళు ఎప్పుడొదిలారో, వాడి కూతురికి జ్వరం తగ్గిందో లేదో, వరికి ఏ పురుగు పట్టిందో నాకట్లానే తెలిసేది. పురుగుకు మందు నా దుకాణంలోనే ఉండేది. పేరు అవ్వకు చెప్పేవాణ్ని, అవ్వ వాడికి చెప్పేది. ఎవరు చెప్పమన్నారని వాడెప్పుడూ అడగలేదు.

నిరుడు అవ్వ పోయింది. పాడె మోయడానికి తమ్ముడు నా ఇంట్లోకి వచ్చాడు, మళ్ళీ రాలేదు. కిటికీ దగ్గరికి కూడా రాలేదు. ఏడాదంతా ఇంటికి సున్నం, రంగు ఏదీ ముట్టుకోకూడదు కాబట్టి కిటికీ మాట ఎవరూ ఎత్తలేదు. సంవత్సరీకం అయిపోయింది. ఇక ఎత్తాలి. వాడు ఇటుకలు పెట్టి మూసేస్తాడని నాకు భయం పట్టుకుంది. ఆ కిటికీ పోతే మా ఇద్దరి మధ్య గోడ తప్ప ఏమీ మిగలదు. ఈ మాట నోరు తెరిచి వాడితో అనడం నాకు చేతకాదు. మూసేసే కిటికీకి ఎవడూ రంగెయ్యడు గదా, రంగేస్తే వాడికే అర్థమవుతుందిలే అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

మొదటి రోజంతా గీకడమే సరిపోయింది. ఉప్పుకాగితంతో రుద్దితే పాత రంగు పొడిపొడిగా లేచి ముక్కులోకి, అన్నంలోకి, నా భార్య తిట్లలోకి చేరింది. చెదలు తిన్న చోట గుంటలు పూడేలా లప్పం పెట్టాను. రెండో రోజు ముందువైపు కిటికీలకు ఆకుపచ్చ ఆయిల్ పెయింట్ వేశాను. బ్రష్షు నిండా ముంచితే కారిపోతుందనీ, కొసకే ముంచాలనీ రెండు కిటికీలు పాడుచేశాక తెలిసింది. వేసిన రెక్కలు మూసుకోకుండా చెక్కముక్కలు అడ్డం పెట్టి, ఒక రాత్రి ఒక పగలు తెరిచే ఉంచాను. ఆ మాత్రం తెలుసు నాకు. తెలియక జరిగిందని తర్వాత ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

మూడో రోజు మధ్యాహ్నం నడిమి అర్ర కిటికీ తెరిచాను. తమ్ముడి భార్య వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నది. నన్ను చూసి, కొంగు సర్దుకుని లోపలికి పోయింది. నేను చువ్వల్లోంచి చేతులు పెట్టి, రెక్కల లోపలి పక్కకు, అంచులకు, అవి ఆనుకునే చట్రానికి రంగు వేశాను. చువ్వల మధ్య నా మోచెయ్యి పట్టక తోలు లేచిపోయింది. బయటి పక్క మాత్రం అట్లానే, పాత రంగు పెచ్చులూడి ఉంది. ఎంత వంగినా చెయ్యి అందదు.

పొద్దు వాలుతుండగా తమ్ముడు వచ్చాడు. కాళ్ళు కడుక్కుని నేరుగా కిటికీ దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. ఏడాది తర్వాత వాడి ముఖం అంత దగ్గరగా చూశాను. మీసాల్లో తెల్లవెంట్రుకలు వచ్చాయి.

"అన్నీ నువ్వే ఏస్తున్నవా అన్న?"

"ఆ."

వాడు రెక్కను బయటి నుంచి ఒకసారి తడిమి చూశాడు. "మరి గీ పక్క ఎట్ల జేస్తవ్?"

మామూలుగానే అడిగాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గొంతులో వెక్కిరింత లేదు. కానీ నా చెవులకు అప్పుడు వేరేగా వినపడింది. నా గడప తొక్కనన్నావు గదా, ఇప్పుడెట్లా వస్తావో చూస్తాను అన్నట్టు తోచింది.

"గా పక్క నీదే గద. ఇటుకలు ఎప్పుడు పెట్టుకుంటవో పెట్టుకో. నా దిక్కు నేను ఏస్కుంటున్న" అన్నాను.

వాడు రెక్క మీద నుంచి చెయ్యి తీశాడు. "ఇటుకల ముచ్చట నేను తియ్యలే అన్న" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నిజమే, వాడు తియ్యలేదు. తప్పు నాదని తెలిసిపోయినప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. చెయ్యి చాపి రెండు రెక్కలూ లాగి గడియ పెట్టేశాను. రంగు వేసి గంట కూడా కాలేదు.

తెల్లవారి ముఖం కడుక్కుంటుంటే అర్రలోంచి చప్పుడు వినపడింది. తమ్ముడు బయటి నుంచి రెక్క మీద తడుతున్నాడు.

"అన్నా, జర కిటికీ తియ్యి. రంగు డబ్బా ఇటియ్యి. బయటి పక్క నేనేస్త."

ఎంత సంతోషమయిందో చెప్పలేను. తుడుచుకోకుండానే పరుగెత్తి గడియ తీసి నెట్టాను. రెక్కలు కదలలేదు. ఆయిల్ పెయింట్ చట్రానికీ రెక్కలకూ కలిసి ఒకటే చెక్కలా ఆరిపోయింది. చువ్వల్లోంచి చెయ్యి పెట్టి నెడితే బలం చాలదు. గట్టిగా గుద్దితే చప్పుడవుతుంది. చప్పుడయితే, పచ్చిరంగు మీద కోపంతో కిటికీ మూసుకున్న మూర్ఖుణ్ని నేనని వాడికి తెలిసిపోతుంది. అందుకని అరచేతితో, చప్పుడు కాకుండా నెట్టాను. అంటుకుపోయిందిరా అన్న ఒక్కమాట చెబితే సరిపోయేది. డబ్బా పట్టుకుని వీధి చుట్టూ తిరిగిపోతే ఇరవై అడుగులు. నేను ఊపిరి బిగబట్టి, నోరు మూసుకుని నెడుతూనే ఉన్నాను.

వాడు ఇంకోసారి తట్టాడు. "సరే అన్న" అన్నాడు. చెప్పుల చప్పుడు దూరమయింది.

నా భార్య అంతా చూసింది. "నేను పోయి చెప్పొస్త" అన్నది. నడుమ నువ్వు దూరకు అని కసిరాను. రేపు చాకు పెట్టి తీస్తాను, తీసి నేనే పిలుస్తాను అనుకున్నాను. తెల్లవారి దుకాణంలో ఎరువు లారీ వచ్చింది. ఆ మర్నాడు చాకు చేతిలోకి తీసుకుని, వాడి వాకిట్లో వాడి భార్య గొంతు వినిపిస్తే సిగ్గుపడి కింద పెట్టేశాను. అట్లా నాలుగు రోజులు గడిపాను. ఎంత సన్నటి సాకయినా నాకు సరిపోయింది.

ఐదో రోజు పొద్దున అర్ర అవతల తాపీ చప్పుడు. కిటికీ దగ్గరికి పోయాను. రెండు రెక్కల మధ్య సందులోంచి వెలుగు ఎప్పుడూ సన్నగా నిలువు గీతలా పడుతుంది. ఆ గీత కింద జానెడు మేర అప్పటికే చీకటయింది. చూస్తుండగానే ఇంకో వరుస లేచింది. వెలుగు ఇంకొంచెం పైకి జరిగింది.

చాకు తెచ్చి సందులో దూర్చాను. రంగు పెచ్చులు కాళ్ళ మీద రాలాయి. కింది మూల కొంచెం కదిలింది, ఇటుకకు తగిలి ఆగిపోయింది. అప్పుడు నోరు పెగిలింది.

"తమ్మీ, గడియ తీసే ఉందిరా. రంగు అంటుకపోయింది. ఆనాడు నేను తీస్తనే ఉన్న, వస్తలేదురా."

అవతల తాపీ ఆగింది.

"ఎవలు మాట్లాడేది?" అన్నాడు మేస్త్రి. కొత్త గొంతు, తమ్ముడు పిట్లం నుంచి తెప్పించినట్టున్నాడు. "ఇంటాయన లేడు సారూ. మా అన్నకు ఇబ్బంది గావద్దు, జల్ది కానియ్యి అని చెప్పి పొలం కాడికి పోయిండు. వచ్చినంక ఏమన్న చెప్పాల్నా?"

చెప్పమనడానికి నోరు తెరిచాను. ఆరేళ్ళ నుంచి అలవాటయిన మాటే వచ్చింది.

"ఏం లేదు. నీ పని నువ్వు జేస్కో."