శంషాబాద్‌లో కర్నల్ గారి మూర్ఛ

ఆ ఏప్రిల్‌లో, సైనిక వైద్య విభాగంలో మేజర్‌గా ఉన్న నన్ను ఒక జాతీయ నాయకుడి వైద్య బృందంలో వేశారు. ఆయనా, మా కర్నల్ గారూ ఇప్పుడు లేరు కనుక రాస్తున్నాను. అయినా ఏ నాయకుడో అడక్కండి. నా కథల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ అందరికీ చెబుతుంది. దీంట్లో మాత్రం తీసెయ్యడానికేమీ లేదు.

బృందానికి పెద్ద కర్నల్ గారు. నాయకుడికి నాలుగడుగుల వెనక నడవడం ఆయన డ్యూటీ. కాన్వాయ్ అంబులెన్స్‌లో నేనూ, పాల్మాకుల నుంచి వచ్చే డ్రైవర్ యాదయ్యా.

శంషాబాద్‌లో విమానం దిగగానే దండలూ స్వాగతాలూ. నాయకుడికి షుగర్. పొద్దున ఇన్సులిన్ తీసుకుని, పనుల్లో పడి టిఫిన్ మానేశారు. దండలందుకునే చేతులు వణకడం, నీడలో నిలబడ్డా మెడ చెమటతో తడిసిపోవడం కర్నల్ గారు గమనించారు. షుగర్ పడిపోతోంది. ఇంకాస్త ఆలస్యమైతే స్పృహ తప్పుతుంది. చెవిలో చెప్పి చూశారు. కెమెరాల ముందు ఏదీ ముట్టనన్నారాయన. అంబులెన్స్ ఎక్కితే సాయంత్రానికి దేశమంతా పుకార్లేనన్నారు.

మరుక్షణం కర్నల్ గారు నిలువునా కూలిపోయారు.

నేను స్ట్రెచర్‌తో పరుగెత్తాను. మా నాయకుడిది మెత్తని మనసు. తన డాక్టర్ పడిపోతే ఊరుకుంటారా? కూడా అంబులెన్స్ ఎక్కేశారు. తలుపు మూయగానే మూర్ఛపోయిన మనిషి లేచి కూర్చుని, నాయకుడి వేలు పొడిచి షుగర్ చూసి, గ్లూకోజు నీళ్లు తాగించారు. మిమ్మల్ని ఎక్కించడానికి వేరే దారి దొరకలేదు సార్, అని మాత్రం అన్నారు. కాసేపటికి నాయకుడు తేరుకుని, నవ్వుతూ దిగి వెళ్లారు. డాక్టర్‌ని స్వయంగా పరామర్శించారని టీవీలన్నీ ఆయన్ని మెచ్చుకున్నాయి.

ముందు సీట్లో ఉన్న యాదయ్యకు ఇవేవీ తెలియవు. "ఏంది సాబ్, గీ ఎండకే పడిపోతివి? మా ఆడోళ్లు దినమంతా గిట్లనే కలుపు తీస్తరు. జర మజ్జిగన్న తాగి రావాలె గద!"

"నిజమే యాదయ్యా, ఇకనుంచి తాగుతా" అన్నారు కర్నల్ గారు. నాకు నాలుక దురద పెట్టింది. ఆయన కళ్లతోనే ఆపేశారు.

డ్యూటీలో స్పృహ తప్పిన అధికారిని సైన్యం మెడికల్ బోర్డు ముందు నిలబెడుతుంది. అక్కడ నిజం చెబితే నాయకుడి సంగతి బయటపడుతుంది. కర్నల్ గారు ఎండదెబ్బ అనే చెప్పారు. మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్య స్థాయి, తగ్గించి శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పుకొమ్మని పంపేశారు. ఇలా అవుతుందని పడకముందే ఆయనకు తెలుసు.

రోగి గుట్టు దాచాలని డాక్టర్లందరం చదువుకుంటాం. దాని కోసం ఒక్కోసారి మనమే రోగి అనిపించుకోవాలని ఆయన్ని చూసి నేర్చుకున్నాను. ఆయన చోటు నాకే ఇచ్చారు. ఆర్డర్ అందిన రోజే ఇంట్లో పరుపు మీద నిలువునా పడడం సాధన చేశాను.