విరగని అతుకు

ఆయన్ని అందరూ పిరికి మేస్త్రి అనేవారు. వెనకాల కాదు, మొహం మీదే. గేటుకో బండికో వెల్డింగ్ చేశాక అది చల్లారేదాకా ఆగేవాడు. సుత్తితో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. "ఏమో, నాకింకా నమ్మకం కుదరలేదు" అంటూ ఇంకో వరస అతుకు లాగేవాడు. వస్తువు తీసుకుపోదామని వచ్చినవాళ్లకు ఒళ్లు మండేది. "ఇంట్లో కుర్చీని కూడా ఊపి చూశాకే కూర్చుంటాడు. నన్ను చేసుకునేటప్పుడు ఎలా నమ్మాడో ఏమో!" అని భార్య నవ్వేది.

ఆ భయం ఊరికే రాలేదు. పని నేర్చుకునే రోజుల్లో, ఆయన్ని కొడుకులా చూసుకున్న పెద్దమేస్త్రి ఒక డీజిల్ పీపాకు చిల్లు పూడ్చబోయాడు. పీపా ఖాళీదే, లోపలి ఆవిరి మాత్రం ఖాళీ కాలేదు. ఈయన టీ తేవడానికి వీధిలోకి వెళ్లబట్టి మిగిలాడు. గ్లాసులు చేతిలో ఉండగానే పీపా పేలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ ఇనుప ముక్క పట్టుకున్నా, అది ఎవరి ప్రాణం మీదికి తెస్తుందోనన్న ఆలోచనే ముందు వచ్చేది.

ఆయన చెల్లెలు దీనికి పూర్తిగా ఎదురు. చిన్నప్పుడు ఈయన నీళ్లలో వేలు ముంచి చూసేలోపు ఆమె అవతలి గట్టు మీద ఉండేది. భర్త నిచ్చెన మీంచి పడి నడుం చెడగొట్టుకున్నాక, గుట్ట వాలులో ఉన్న పళ్లతోట పని మొత్తం ఆమే నెత్తిన వేసుకుంది. మొన్నటి గాలివానకు తోటలో సగం చెట్లు నేలకొరిగాయి. ఆ మొద్దులు లాగడానికి ఎక్కడో వెతికి ఒక బుల్లి ట్రాక్టర్ కొనుక్కొచ్చింది. ముందు మట్టి ఎత్తే తొట్టి, పైకీ కిందికీ ఆడే రెండు చేతులు, డ్రైవరు తల మీద నీడకు రేకు ముక్క కూడా లేని బండి.

ఆ ట్రాక్టర్‌ను ఒక ఉదయం షాపు ముందు ఆపి, ఇంజిన్ ఆపకుండానే అరిచింది. "అన్నయ్యా! పుల్లలు గుచ్చుకుని ఆయిల్ పైపు చిరిగిపోయింది. పక్కన ఒక జాలీ వెయ్యి, లైట్లకూ వెయ్యి. తొట్టి అంచు మధ్యలో గట్టిదొక కొక్కెం కావాలి. గొలుసు తగిలించి మొద్దులు ఎత్తుకుంటా."

"జాలీలు వేస్తా. కొక్కెం వద్దమ్మా."

"ఎందుకని?"

"ఇది మట్టి ఎత్తే బండి. వేలాడే బరువు ఊగుతుంది. వాలులో ఊగిందంటే బండినే లాగేస్తుంది."

"నువ్వు వెయ్యకపోతే ఇంకెవడో వేస్తాడు. వాడి అతుకు విరిగి మొద్దు నా కాళ్ల మీద పడుతుంది. అప్పుడేం చేస్తావ్?"

ఎక్కడ నొక్కితే అన్న మెత్తబడతాడో ఆమెకు బాగా తెలుసు.

పని మొదలుపెట్టాడు. తొట్టి అంచు పల్చగా ఉందని, దాని వెనక మందపాటి ఇనుప పలక వేసి, రంగు గీకి, అంచులు అరగదీసి, వరస మీద వరస అతుకు పోశాడు. దాని మీద కొక్కెం నిలబెట్టాడు. సీటు కింద కుడివైపు, తొట్టిని ఆడించే లీవరు తాలూకు కడ్డీ, ఆయిల్ పైపులు బయటికే ఉన్నాయి. వాటి మీద చువ్వలతో జాలీ అల్లి, నాలుగు మూలలా బండికే అతికేశాడు. బోల్టులు బిగిస్తే ఊడిపోతాయేమోనని ఆయన అనుమానం. కొక్కేనికి గొలుసు కట్టి, షాపులో ఉన్న బరువంతా వేలాడదీసి చూశాడు. చెక్కుచెదరలేదు.

"నేలకు మూరెడు మించి ఎత్తకు. వింటున్నావా? వాలులో అసలు ఎత్తకు" అన్నాడు.

"సరేలే" అంది ఆమె, గేరు వేస్తూ. ఆ 'సరేలే' ఎలాంటిదో ఆయనకు తెలుసు.

మర్నాడు అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. "వెళ్లి చూసి రారాదూ? కంచం ముందు నాకు ఈ మొహం చూపించే బదులు" అంది భార్య. చెయ్యి కడుక్కుని సైకిలెక్కాడు.

తోట గట్టు చేరేసరికి ఇంజిన్ ఒకే చోట నిలబడి రొద పెడుతోంది. బావ అరుపు వినిపించింది. సైకిల్ పారేసి పరుగెత్తాడు.

దారికి అడ్డంగా ఉన్న మోడు దాటించడానికి ఆమె మొద్దును పైకెత్తింది. అంతలో కుడి ముందు చక్రం, చెట్టు వేళ్లతో సహా కూలిన గోతిలోకి దిగిపోయింది. మొద్దు కుడివైపుకు ఊగింది. ఎడమ వెనక చక్రం నేలకు జానెడు పైన గాలిలో ఉంది. ఆమె ఒక కాలు బ్రేకు మీద తొక్కిపట్టి, ఒళ్లంతా ఎడమకు వాల్చి ఉంది.

"తొట్టి దించు!" అని గొంతు చించుకున్నాడు.

"దిగట్లేదు అన్నయ్యా! లీవరు కదలట్లేదు!"

కిందికి చూశాడు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. బండి ఒరిగినప్పుడు కుడివైపు జాలీ ఒక రాతి మీద కూర్చుంది. చువ్వలు లోపలికి వంగి లీవరు కడ్డీని నొక్కేశాయి. ఆయన వేసిన జాలీ. ఆయన చేతి అతుకు.

"దూకెయ్! ఎడమవైపు దూకెయ్!"

"నేను దూకితే బండి బోర్లా పడుతుంది. దూకను."

"పోతే పోనీవే బండి!"

"దూకనన్నానా!" ఆమె గొంతులో వణుకు ఆయన మొదటిసారి విన్నాడు.

కొక్కెం విరిగితే బాగుండునని, పుట్టి బుద్ధెరిగాక తన అతుకు విరగాలని, మొదటిసారి కోరుకున్నాడు. అది విరగలేదు. గొలుసు కిర్రుమంది, మొద్దు ఇంకొంచెం ఊగింది, చక్రం ఇంకొంచెం లేచింది.

జాలీ ఉన్నది పల్లం వైపు. బండి పడితే అటే పడుతుంది. అయినా ఆయన అటే దిగాడు. "బావా, ఆ దుంగ ముక్క ఇటు దొర్లించు" అన్నాడు, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఒక చేత్తో నడుం పట్టుకుని మరీ బావ దొర్లించాడు. ఆయన మోకాళ్ల మీద పాకుతూ దాన్ని బండి కిందికి తోసి, సుత్తి లేకపోవడంతో రాయితోనే కొట్టి బిగించాడు. అది బండిని ఆపుతుందో లేదో తెలియదు. ఊపి చూసే వ్యవధి లేదు.

పక్కన పడి ఉన్న గునపం తీసుకుని చువ్వల సందులో దూర్చి లాగాడు. రాలేదు. నాలుగు మూలలా పోసిన అతుకు కొండలా నిలబడింది. తన చేతినే బండబూతులు తిట్టుకున్నాడు. నెత్తి మీద ఇంజిన్ వేడి, చెవిలో గొలుసు చప్పుడు, నోట్లో మట్టి. మళ్లీ దూర్చి, ఒంటి బరువంతా వేసి వేలాడాడు. అతుకు ఊడలేదు గానీ నడిమి చువ్వ వంగింది. కడ్డీ బయటపడింది.

"దించు! మెల్లగా! మెల్లగా తల్లీ!"

తొట్టి ఒక్క కుదుపు కుదిపి దిగసాగింది. మొద్దు నేలను తాకింది. గొలుసు వదులైంది. ఎడమ చక్రం ధబ్బున నేల మీద పడింది.

ఆమె ఇంజిన్ కట్టేసి దిగి వచ్చింది. ఆయన అక్కడే పల్లంలో కూర్చుని ఉన్నాడు. ఆమె పక్కన కూలబడి, అన్న చెయ్యి పట్టుకుంది.

మర్నాడే షాపులో ఆయన ఆ కొక్కెం కోసేశాడు. ఆమె గొడవ పెట్టుకుంది, కానీ ఎప్పటంత జోరుగా కాదు. బండి వెనక, ఇరుసు కంటే కిందుగా ఇంకో కొక్కెం వేసి, "ఎత్తడాలు లేవు. నేల మీదే ఈడ్చుకుపో" అన్నాడు. జాలీ మళ్లీ చేశాడు, ఈసారి రాళ్లకు తగలనంత ఎత్తులో, ఒక్క పానాతో విప్పగలిగేలా బోల్టులతో. బోల్టులు ఊడతాయన్న భయం పోలేదు. కానీ ఊడాల్సినప్పుడు ఊడకపోతే ఏమవుతుందన్న భయం కూడా దాని పక్కన వచ్చి కూర్చుంది.

మొద్దులన్నీ గట్టుకు చేరేదాకా ఆమె బండి నడుపుతూనే ఉంది. గాలి ఇటు వీచినప్పుడు ఆ ఇంజిన్ రొద షాపు దాకా వచ్చేది. అది ఆగిందంటే ఆయన రాడ్డు పక్కన పెట్టి, మాస్కు ఎత్తి, గుట్ట వైపు చూస్తూ నిలబడేవాడు. ఎదుటివాళ్లు ఏం మాట్లాడుతున్నా వినిపించేది కాదు. మళ్లీ రొద మొదలయ్యాకే మాస్కు దించుకునేవాడు.