లేతపచ్చ మంట

మా కెమిస్ట్రీ మేడమ్ పోయినారని సోమవారం పొద్దున ల్యాబ్ అటెండరు చెప్తే ఆడపిల్లలం నమ్మలేదు. అలవాటు కొద్దీ మగపిల్లల మొహాలు చూసినాం, వాళ్ళేమైనా నమ్మినారేమోనని. "సోమవారం ఆలస్యమైతే తలుపేసేస్తా" అని శనివారం బర్నరు ఆర్పి వెళ్ళిన మనిషి. ఆదివారం గుండె ఆగిపోయిందంట. తలుపు బార్లా తెరిచే ఉండాది.

ఈ నాలుగు ముక్కలూ గంభీరంగా రాయాలని కూర్చున్నాను. ఆమె ఉంటే, "ఏమ్మే, గంభీరం నీ మొహానికి నప్పదు, తీసెయ్" అనుండేవారు.

తిరుపతిలో మా కాలేజీకో ఆచారం ఉండేది. ఎవరికిచ్చిన ఉప్పును వాళ్ళు తీగకద్ది మంటలో పెట్టి, రంగును బట్టి అదేమిటో కనుక్కోవాల. ఆడపిల్లలం అన్నీ శుభ్రంగా చేసి, చివర్లో పక్క బల్ల అబ్బాయి జవాబు రాసేవాళ్ళం. వడమాలపేటలో బస్సెక్కించేటప్పుడు మా నాయన రోజూ చెప్పేవాడు: "తెలీకుంటే మగపిల్లోళ్ళని అడుగమ్మా." తెలిస్తే ఎవరినడగాల్నో చెప్పలేదు.

ఒకరోజు మేడమ్ మాకో ఉప్పు, మగపిల్లలకో ఉప్పు ఇచ్చినారు, చెప్పకుండా. నా మంట లేతపచ్చగా లేచింది. బేరియమని రాసుకున్నాను. పక్కబ్బాయి, "ఎర్రగా వచ్చింది, స్ట్రాన్షియం" అన్నాడు. నాది కొట్టేసి అదే రాసినాను. మా వరసంతా అంతే.

మేడమ్ జడలోని కనకాంబరాలు వెనక్కి తోసుకుని నా బల్ల మీదికి వంగినారు.

"ఏమ్మే, మంట ఏ రంగు?"

"పచ్చ, మేడమ్."

"సూసిందెవరు?"

"నేనే."

"మరి ఎరుపని ఎందుకు రాసినావు?"

"వాడు బాగా చదువుతాడు మేడమ్."

"వాడు చదివితే నీ మంట రంగు మారతాదా?"

ల్యాబంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "మీకు రాక కాదమ్మే. రాదు రాదని ఇంట్లో, వీధిలో మీ చెవుల్లో ఊదినారు. మీ కళ్ళనే మీరు నమ్మరు. మళ్ళీ వెలిగించు."

ఆమె పోయిన వారానికే ఫైనల్ ప్రాక్టికల్స్. తప్పితే చదువు మానిపిస్తానని నాయన ముందే చెప్పినాడు. నా మంట లేతపచ్చగా లేచింది. బేరియమని రాసినాను. పక్కబ్బాయి నా కాగితం చూసి గొణిగినాడు: "అది రాగి. బేరియం కాదు."

రాగి మంటా పచ్చే, కాకుంటే నీలం కలిసుంటాది. రబ్బరు వెతుక్కుంటూ తలుపు వైపు చూసినాను. ఎవరూ లేరు. కనకాంబరాలు లేవు, "సూసిందెవరు?" లేదు.

తీగను మళ్ళీ మంటలో పెట్టినాను.

లేతపచ్చగానే ఉండాది.