ఉంగరం చప్పుడు

మా ల్యాబులో అందరం ఆవిడని రొయ్యలక్క అనేవాళ్ళం. కాగితాల్లో అటెండరు, నిజానికి నలభై మంచినీటి రొయ్యలకు తల్లి. ఇనుప అర మీద నలభై గాజు తొట్టెలు, ఒక్కోదాంట్లో ఒక రొయ్య. తొట్టె అడుగున సగం తెలుపు, సగం చారలు. రొయ్య చారల వైపు ఉన్నప్పుడే మత్తుమందు చుక్కలు పోయాలి. కొన్నాళ్ళకి మందు మానేసి, అది ఏ వైపుకి పోతుందో చూడాలి. వెన్నెముక కూడా లేని ప్రాణి మత్తుకెలా చిక్కుతుందో తెలిస్తే మనిషి సంగతీ తెలుస్తుందని మా డాక్టరమ్మ నమ్మకం. మందు పోసేది అక్క, వివరాలు రాసేది నేను.

తీరా మందు మానేసిన రోజున రొయ్యలు చారల వైపు కన్నెత్తి చూడలేదు. డాక్టరమ్మ తల పట్టుకుంది. అంతలో రొయ్యలక్క మేత డబ్బాతో వచ్చి, అలవాటుగా ఇనుప అరని ఉంగరంతో మూడుసార్లు తట్టింది.

"రండిరా నాన్నా!"

నలభై రొయ్యలూ ఒక్కసారే తిరిగాయి. గాజుకి తలలు ఆనించి మీసాలు ఆడిస్తూ నిలబడ్డాయి. మేత వేస్తే ముట్టలేదు.

"ఎప్పట్నుంచి తడుతున్నావ్?" అంది డాక్టరమ్మ.

"మొదట్నుంచీ అమ్మా. చెప్పకుండా పోస్తే బెదురుతాయని."

"చారలు దండగ డాక్టరమ్మా, అక్కే వాటికి మత్తు" అని నవ్వాను. అక్క ముఖం పాలిపోయింది. నా నోటిదురుసుకి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు. పనిలో పరంజా మీంచి పడి నడుం విరిగితే నొప్పి మాత్రలు మొదలయ్యాయి. నొప్పి పోయింది, మాత్రలు పోలేదు. గొడవ చెయ్యకుండా ఉంటాడని ఆరేళ్ళు అక్కే తన చేత్తో ఇచ్చింది. నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి మానేసి, ఆ వారమే ఇంటికొచ్చాడు. మళ్ళీ మొదలుపెడితే బతకడని అక్కడి డాక్టరు తేల్చి చెప్పాడు.

ఆ సాయంత్రం అక్క నన్ను వెంటబెట్టుకెళ్ళింది. తమ్ముడు కిటికీ దగ్గర రేడియో బాగుచేస్తున్నాడు.

"మా అక్క మీ రొయ్యల్ని చూసుకున్నట్టు నన్ను చూసుకోదండీ" అని వేళాకోళమాడాడు.

అక్క బయటికి వెళ్ళి, తలుపు మూసి, మాత్రలిచ్చే రోజుల్లోలాగే ఉంగరంతో మూడుసార్లు తట్టింది.

అతని మాట సగంలో ఆగింది. స్క్రూడ్రైవరు కింద పడింది. కుడి అరచెయ్యి మెల్లగా వెల్లకిలా తిరిగి ముందుకు చాచుకుంది. నోరు తెరుచుకుంది. ఆ ముఖంలో అతను లేడు. తలుపు తీసి అక్క చూసింది.

"ఇదేంటక్కా?" అన్నాడు తన చేతిని తనే చూసుకుని, బెదిరిపోయి.

ఉంగరం తీసేసింది. లాభం లేదు. ఆ రోజు నుంచి ఆవిడ అడుగుల చప్పుడుకీ, గొంతుకీ కూడా ఆ చెయ్యి లేచేది. వారం తిరక్కుండా పిన్నిని తమ్ముడికి తోడుంచి, తను ల్యాబు వెనక గదిలోకి మారిపోయింది. చంటివాణ్ణి వదిలి వచ్చినదానిలా ఏడ్చింది.

రెండేళ్ళయింది. అతను మాత్ర ముట్టలేదు. ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తాడు. ఉద్యోగం, వాన, పిన్ని చాదస్తం అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గిస్తాడు.

"నాకేం వద్దండీ. అక్కని లోపలికి కూడా రావద్దనండి. ఒక్కసారి వచ్చి తలుపు తట్టి వెళ్ళిపొమ్మనండి, చాలు."

అడిగేది తమ్ముడో, ఆ చెయ్యో నాకు తెలియదు. అక్క నా పక్కనే ఉంటుంది. తన ఊపిరి కూడా అతనికి వినబడకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ గొంతు ఆగేదాకా వింటుంది.